లైన్లో మా జాగా

ఒకే పేరు మాకు రెండుసార్లు పెట్టారు. మొదటిసారి ఆ పేరు వల్ల మా అబ్బా బండి మీద పండ్లు ఎవరూ కొనలేదు. రెండోసారి ఆ పేరు వల్లనే ఆయనకు టీకా దొరికింది. సూపర్ స్ప్రెడర్ అనే ఆ ఇంగ్లీషు మాటకు అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ అర్థం తెలియదు. పదిమందికి రోగం అంటించేవాడు అని టీవీ చెప్తే తెలిసింది.

మేం పాలమూరు నుంచి పట్నం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మూసీ పక్కన బస్తీలో రెండు గదుల ఇల్లు. దాదీ, అబ్బా, అమ్మీ, మేమిద్దరం అన్నదమ్ములం. ఇంట్లో తెలుగు కలిసిన ఉర్దూ, బయట ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడతాం. పాతబస్తీ చుట్టాలు మమ్మల్ని దెహాతీలంటారు. మీరేమో, "మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చింది?" అని అడుగుతారు. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాష ఎట్లా వచ్చిందంటే ఏం చెప్తాం? నవ్వి ఊరుకుంటాం. అట్లా నవ్వి ఊరుకున్నవి చాలా ఉన్నాయి. ఈసారి ఒకటి చెప్పాలనుకున్నాం. ఇందులో మాకు జరిగిన అన్యాయం ఉంది. మేం చేసిన అన్యాయం కూడా ఉంది.

2020 మార్చి చివర్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరు టీవీల్లోకి వచ్చింది. అక్కడికి పోయి వచ్చిన జమాత్ వాళ్ళల్లో కొందరికి కరోనా సోకింది. అది నిజం, మేం కాదనం. కానీ వారం తిరక్కముందే రోగానికి మతం అంటుకుంది. కరోనా జిహాద్ అన్నారు. మా అబ్బా పుట్టి ఢిల్లీ చూసినవాడు కాదు. తొమ్మిదేళ్ళుగా ఒకే కాలనీలో, అవే నాలుగు వీధుల్లో అరటిపండ్లు, జామ, సీతాఫలాలు అమ్ముకున్నవాడు. ఎవరింట్లో షుగర్ మనిషి ఉన్నదో, ఎవరింట్లో ముసలాయనకు మెత్తటి పండు కావాలో ఆయనకు తెలుసు. ఆ ఏప్రిల్లో ఆ గేట్లన్నీ మూసుకున్నాయి. ఒకాయన మేడ మీది నుంచి, "నీ పేరేంది?" అని అడిగాడట. తొమ్మిదేళ్ళు పండ్లు కొని, అప్పుడు పేరడిగాడు.

ఆ రోజుల్లో మా గల్లీ చివర ఉండే పూలక్క మమ్మల్ని ఆదుకుంది. ఆమె పూలమ్ముకునే మనిషి. గుళ్ళు మూసేశారు, పెళ్ళిళ్ళు లేవు, పూలు అడిగేవాళ్ళు లేరు. ఒక పొద్దున వచ్చి, "అన్నా, నీ పండ్లు నా గంపల పొయ్యి. నేను తిరిగి అమ్ముకొస్త. డజనుకు ఐదు రూపాయలు నాకియ్యి" అన్నది. అబ్బా పోశాడు. అదే కాలనీలో, అవే గేట్ల దగ్గర, అవే అరటిపండ్లు పది గంటలకల్లా అయిపోయేవి. అవి ఎవరి పండ్లో కొన్నవాళ్ళకు తెలియదనుకోం. బొట్టు పెట్టుకున్న మనిషి చేతి నుంచి వస్తే చాలు వాళ్ళకు. రెండు నెలలు మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ గంప వల్లనే.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాత్ వాళ్ళ మీది కేసుల్ని కొట్టేసింది. వాళ్ళను బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనిపిస్తోందని తీర్పులో రాసింది. ఆ తీర్పు మా కాలనీ గేట్ల దాకా రాలేదు. చలికాలానికి గేట్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మళ్ళీ "సాయిబూ, డజనెంత?" అని బేరాలు మొదలయ్యాయి. ఎవరూ తప్పయిందనలేదు. అబ్బా కూడా అడగలేదు. అడిగితే బేరం పోతుంది.

తర్వాత టీకా వచ్చింది. 2021 జనవరి 16న ఆస్పత్రి వాళ్ళతో మొదలుపెట్టారు. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకు, నలభై అయిదు దాటి బీపీ, షుగర్ లాంటి జబ్బులున్నవాళ్ళకు అన్నారు. ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటిన అందరికీ అన్నారు. ఈ వరసలో మాకు తప్పేమీ కనిపించలేదు. ప్రమాదం ఎక్కువున్నవాళ్ళు ముందు, తక్కువున్నవాళ్ళు వెనక. న్యాయమే.

మార్చిలో మా బస్తీ దవాఖానలో మందు ఉంది, మనుషులు లేరు. ఆశా వర్కర్ మా ఇంటికి వచ్చింది. దాదీకి డెబ్బయి దాటాయి, అమ్మీకి నలభై ఏడేళ్ళు, షుగర్. ఇద్దరికీ హక్కుంది. ఆమె ఆధార్ కార్డులు అడిగింది, ఫోన్ నెంబరు రాసుకుంటానన్నది. దాదీ తలుపు దగ్గరికేసింది. "పోయినేడు గూడ ఇట్లనే పేర్లు రాసుకోనికి వచ్చిన్రు" అన్నది.

2020 ఏప్రిల్లో మా గల్లీలోకి మనుషులు వచ్చి, "మీ ఇంట్లోంచి ఢిల్లీకి ఎవరు పోయిన్రు?" అని అడిగి పేర్లు రాసుకుపోయారు. అంతకు నాలుగు నెలల ముందు, 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం మార్చినప్పుడు, తాత పుట్టిన కాగితం ఎక్కడుందని ఇల్లంతా వెతికాం. మా ఇళ్ళలో కాగితం అడిగినవాడు మంచికి అడిగాడని నమ్మడం అంత తేలిక కాదు. దీనికి తోడు ఫోన్లలో పుకార్లు. పిల్లలు పుట్టకుండా చేసే మందని ఒకడు, హరామ్ కలిపారని ఇంకొకడు. వాటిని పంపింది పరాయివాళ్ళు కాదు, మావాళ్ళే. ముందుకు తోసింది మేమే. ఇమాం సాబ్ జుమ్మా రోజు మైకులో, "టీకా వేసుకోండి, ప్రాణం కాపాడుకోవడం కూడా దీన్‌లో ఉన్నదే" అని చెప్పేదాకా మా గల్లీ కదల్లేదు. మేం కదిలేసరికి ఏప్రిల్ సగమైపోయింది. రెండో అల వచ్చిపడింది. బస్తీలో రోజుకొక జనాజా లేస్తోంది. ఇప్పుడు మనుషులున్నారు, మందు లేదు.

ఏప్రిల్ 14న రోజాలు మొదలయ్యాయి. సూదితో రోజా విరగదని ఇమాం సాబ్ చెప్పారు. సహరీ తిని, ఫజర్ చదివి, చీకటితోనే అబ్బా, అమ్మీ పోయి లైన్లో నిలబడేవాళ్ళు. వాళ్ళకంటే ముందే ముప్పయి మంది ఉండేవాళ్ళు. జాగా పోకుండా చెప్పులు, రాళ్ళు, సంచులు పెట్టేవాళ్ళు. తొమ్మిదికి తలుపు తీసి యాభై టోకెన్లన్నారు. ఒకరోజు ముప్పయే అన్నారు. ఒకరోజు స్టాక్ లేదని అట్టముక్క మీద రాసి గేటుకు కట్టారు. రాత్రే కట్టి ఉంటే మేం పొద్దున రాకపోదుం. ఎండలో, బురఖాలో, నోట్లో నీటిచుక్క లేకుండా అమ్మీ రెండు రోజులు నిలబడి వెనక్కొచ్చింది. లోపల పనిచేసే ఒకామె మా వైపు చూసి, "మార్చిల ఇంటింటికొచ్చి పిలిస్తే ఒక్కరు రాలే. ఇప్పుడు మీదపడుతున్నరు" అన్నది. ఆ మాట కోపం తెప్పించింది. ఆలోచిస్తే అందులో సగం నిజముంది. మిగిలిన సగం మేమెందుకు రాలేదన్నది. ఆమె అది అడగలేదు. అడిగే తీరిక కూడా ఆమెకు లేదు. ఆమె కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

అప్పటి రెండు టీకాల్లో ఒకటి మా ఊళ్ళోనే తయారయ్యేది. 2020 డిసెంబరు 9న 64 దేశాల రాయబారులు హైదరాబాదుకొచ్చి ఇక్కడి టీకా కంపెనీలు చూసిపోయారు. శామీర్‌పేట వైపు పోతే ఆ ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. పండగలకు అబ్బా బండి తోసుకుంటూ ఆ దారినే పండ్లు తెచ్చిన రోజులున్నాయి. మా ఊరి మందు మా గల్లీలోకి రావడానికి అన్ని నెలలు పట్టింది.

మూడో రోజు జరిగింది ఇక్కడ రాయాలి. ఆ రోజు అమ్మీ వెనకే పూలక్క నిలబడి ఉంది. ఆమెకూ యాభై దాటాయి. ఇద్దరూ ఒకే కొంగు నీడన తలలు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు మా ఖాలూ వచ్చాడు. ఆయన ఒక లీడర్ వెంట తిరుగుతాడు. ఆ లీడర్ మా ఖౌమ్ మనిషే. ఆయన జేబులో ఒక చీటీ ఉంది. ఒక్కరికే పనికొస్తుంది, పక్క గేటు నుంచి లోపలికి పంపుతారు. అబ్బా చీటీ వైపు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. అమ్మీ, "ఇంతమంది నిలబడ్డరు గద, ఎట్ల పోను?" అన్నది. మేం వినలేదు. పక్క గల్లీలో షుగరున్న ఇద్దరు ఆ వారంలోనే పోయారు. అమ్మీ చెయ్యి పట్టుకుని లైన్లోంచి బయటికి లాగింది మేమే. పక్క గేటు దాకా తీసుకుపోయింది మేమే. వెనక్కి తిరిగి చూడలేదు.

అమ్మీకి సూది పడింది. ఆ రోజు లోపల ఎన్ని చీటీలు చెల్లాయో మాకు తెలియదు. బయట టోకెన్లు నలభై ఒకటి దగ్గర ఆగిపోయాయి. పూలక్క దాకా రాలేదు. అబ్బా దాకా కూడా రాలేదు.

అంతకుముందు రెండు రోజులూ అట్లా పక్క గేటు నుంచి పోయినవాళ్ళను మేం నోరారా తిట్టాం. పెద్దకులాల వాళ్ళు, పైసలున్నవాళ్ళు, పార్టీలవాళ్ళు అని తిట్టాం. మూడో రోజు ఆ తిట్లు మాకే తగిలాయి. అన్యాయం ఎప్పుడూ అవతలివాడే చేస్తాడని నమ్మడం మాకు అలవాటైంది. కష్టం పడ్డవాళ్ళకు ఆ అలవాటు తొందరగా వస్తుంది. ఖౌమ్ పేరు చెప్పి ఒక చీటీ దొరికితే, ఆ చీటీ ఎవరి జాగా తింటుందో అడగకుండా తీసుకున్నాం. ఇంకెవరి జాగానో కాదు, మా పండ్లను తన గంపలో మోసిన మనిషి జాగా.

మే నెలలో మందు ఇంకా కరువైంది. మొదటి డోసు ఆపేసి రెండో డోసు వాళ్ళకే అన్నారు. మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలకు పెంచారు. అమ్మీ మార్చిలో వేసుకుని ఉంటే ఆ పాటికి రెండోది కూడా అయిపోయేది. పద్దెనిమిది దాటినవాళ్ళకు మే 1 నుంచి అని ఢిల్లీ చెప్పింది, మందు లేక మా రాష్ట్రంలో ఆ రోజు మొదలే కాలేదు. మేమిద్దరం రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని పిన్‌కోడ్లు కొడుతూ కూర్చున్నాం. పేరు నమోదుకు పోర్టల్ అంతా ఇంగ్లీషులో ఉండేది. జూన్‌లో హిందీ, తెలుగు వచ్చాయి. మా దాదీ చదవగలిగిన ఒక్క భాష, ఉర్దూ, అందులో రాలేదు. పాలమూరు నుంచి చాచా ఫోన్ చేసి, "పట్నపోళ్ళు కార్లేసుకొని వచ్చి మా ఊరి దవాఖానల ఏసుకొని పోతున్నరు. మావోళ్ళు చూసుకుంట కూసున్నరు" అన్నాడు. కారున్నవాడికి దూరం లేదు. ఇంగ్లీషున్నవాడికి ఆలస్యం లేదు.

పైసలున్నవాడికి కరువే లేదు. అదే మందును కేంద్రం 150 రూపాయలకు కొంటే, ప్రైవేటు ఆస్పత్రులకు కంపెనీలు చెప్పిన ధర ఒకదానికి 600, ఇంకోదానికి 1,200. జూన్ 8న ప్రభుత్వం ప్రైవేటు ధరలకు గరిష్ఠం కట్టింది. కోవిషీల్డ్ 780, కోవాగ్జిన్ 1,410. మా ఇంట్లో అయిదుగురం. ఒక్కొక్కరికి రెండు సూదులు. కోవాగ్జిన్ అయితే 14,100 రూపాయలు. మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకే బేరం. బాగా అమ్మిన రోజు అబ్బా చేతిలో మిగిలేది మూడు వందలు. లెక్క మీరే వేయండి. ఆ నెల చివరి రోజున, మే 31న, సుప్రీంకోర్టు కూడా ఇదే లెక్క అడిగింది. నలభై అయిదు లోపువాళ్ళ దగ్గర డబ్బు తీసుకునే విధానం హేతువులేనిదిగా కనిపిస్తోందన్నది. ఫోన్లు, నెట్టు లేనివాళ్ళు పోర్టల్ దాకా ఎట్లా వస్తారని అడిగింది. జూన్ 21 నుంచి పద్దెనిమిది దాటిన అందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమన్నారు. ఆ మాట జనవరిలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

మే మొదటి వారంలో పూలక్కకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. కొడుకు బెడ్డు కోసం రెండు రోజులు తిరిగి దొరక్క ఇంటికే తీసుకొచ్చాడు. ఆక్సిజన్ పడిపోయి మళ్ళీ లేచింది. బతికింది. ఏప్రిల్‌లో ఆ సూది ఆమెకు పడి ఉంటే రోగం రాకపోయేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. మొదటి డోసు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని మాకూ తెలుసు. ఆ లెక్క మేం చాలాసార్లు వేసుకున్నాం. ప్రతిసారీ మాకు అనుకూలంగా తేల్చుకోవాలని చూశాం. తేలలేదు.

మే 14న ఈద్. నమాజు ఇంట్లోనే చదివాం. అమ్మీ షీర్ ఖుర్మా చేసి గిన్నెలో పోసుకుని పూలక్క గడప దగ్గర పెట్టి దూరంగా నిలబడింది. ఆమె చెంచాడు నోట్లో పెట్టుకుని, "రుచి తెలుస్తలేదు వదినె. తియ్యగుందా?" అని అడిగింది. అమ్మీ ఇంటికొచ్చి ఆ పూట ఏమీ తినలేదు.

మే 28 నుంచి పట్నంలో కొందరికి ప్రత్యేకంగా టీకా అన్నారు. కూరగాయలు, పండ్లు, పూలు, మాంసం అమ్మేవాళ్ళు, కిరాణా వాళ్ళు, మంగలి షాపులవాళ్ళు. వాళ్ళ తర్వాత ఆటోవాళ్ళు, క్యాబ్‌వాళ్ళు. రోజూ వందమందిని ముట్టుకుని బతికేవాళ్ళు కనుక వీళ్ళకు ముందు వేయాలన్నారు. ఆలోచన మంచిది, మేం కాదనం. వీళ్ళకు అధికారులు వాడిన పేరు, పేపర్లు అచ్చేసిన పేరు సూపర్ స్ప్రెడర్లు. తమ్ముడు పేపర్ పట్టుకుని చదివితే దాదీ ఉలిక్కిపడి, "మళ్ళా మనమేనా?" అన్నది.

కాదు దాదీ, ఈసారి మనం ఒక్కళ్ళమే కాదు అని చెప్పాం. ఈసారి ఆ పేరులో పూలమ్మేవాళ్ళున్నారు, మంగలివాళ్ళున్నారు, ఆటోవాళ్ళున్నారు. వాళ్ళెవరూ రోగాన్ని ఇంటి నుంచి మోసుకుని రాలేదు. మేడ మీద ఉన్నవాళ్ళకు పాలు, పండ్లు, కూరలు కిందికి దిగకుండా అందడానికి వీళ్ళు దిగారు. వీళ్ళకు రోగం అంటించినవాళ్ళు కూడా ఉంటారు కదా. వాళ్ళకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు.

టోకెన్లు ఇస్తున్నారని అబ్బాకు వచ్చి చెప్పింది పూలక్కే. ఇద్దరూ కలిసే పోయారు. ఈసారి పక్క గేటు లేదు, చీటీ లేదు. పొద్దున పదింటికి అబ్బాకు సూది పడింది. పూలక్క వంతు వచ్చేసరికి నర్సమ్మ, "మూడు నెలల్ల కరోనా వచ్చిందా?" అని అడిగింది. కోలుకున్నాక మూడు నెలలు ఆగాలని అప్పటికి పది రోజుల ముందే రూలు వచ్చింది. లైన్లో ఉన్న కొందరు రాలేదని చెప్పి వేయించుకున్నారు. పూలక్క వచ్చిందని చెప్పింది. ఆమెను వెనక్కి పంపారు.

ఆ సాయంత్రం అమ్మీ ఉండబట్టలేక ఆమె ఇంటికి పోయింది. మేమూ వెంట పోయాం. ఏప్రిల్ సంగతి అమ్మీ చెప్పబోతుంటే పూలక్క అడ్డుకున్నది. "నాకెరుకే వదినె. నా కండ్ల ముందట్నే పోయినవు గద" అన్నది. కాసేపాగి, "నాకు చీటీ దొరికితే నేను గూడ పోయేదాన్నే. నాకిచ్చేటోడు లేడు, గంతే" అన్నది.

ఆ మాటతో మా బరువు దిగిందని మేం చెప్పం. ఆమె మమ్మల్ని క్షమించానని అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. చీటీ ఇచ్చేవాడు లేని మనిషికి లైను ఒక్కటే దిక్కు. ఆ లైను సక్కగ నడిస్తేనే ఆమెకు వంతు వస్తుంది. మేం మైనారిటీలం, మాకు అన్యాయం జరుగుతుందని రాస్తాం, మాట్లాడతాం. నిజమే. కానీ ఆ ఏప్రిల్ పొద్దున బలమున్నవాడి పక్కన నిలబడింది మేము. ఇది రాయకుండా మిగిలినదంతా రాస్తే అది సగం మాటే అవుతుంది.

ఆగస్టు చివరికి కరువు తీరింది. టీకా వ్యాన్లు గల్లీల్లోకే వచ్చి, ఇంకా ఎవరన్నా మిగిలిన్రా అని మైకులో పిలిచాయి. చీకట్లో లేచి రాళ్ళు పెట్టుకుని నిలబడ్డ మందు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. అమ్మీ పూలక్క చెయ్యి పట్టుకుని వ్యాన్ దాకా తీసుకుపోయింది. దాదీ కూడా తలుపు తీసి, ఆధార్ కార్డు తనే పట్టుకుని వెనకాల నడిచింది.

రెండు డోసులు అయ్యాక అబ్బా సర్టిఫికెట్ ప్రింటు తీయించాం. పేరు తప్పు పడింది. సరిచేయించుదామంటే అబ్బా కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదువుకుని నవ్వాడు. "ఇన్ని పేర్లు పెట్టిన్రు గద బేటా, దీంట్ల రెండక్షరాలే తప్పున్నయి. ఉండనీ" అన్నాడు.

మేం ఉండనీయలేదు. దరఖాస్తు పెట్టి సరిచేయించాం.